రాహుకాలంలో ఆగిన దరఖాస్తు

మంగళవారం, రాత్రి

తప్పు కరెంటుది కాదు క్లారా, నాది.

మా మేడ గదిలో ఉంటూ నూజివీడు మామిడి మీద చదువుకుంటున్న ఈ జర్మనీ పిల్ల క్లారా, ఆస్ట్రేలియాలో పీజీకి దరఖాస్తు పంపడానికి మధ్యాహ్నం నా ఎదుటే కూర్చుంది. ఇవాళే ఆఖరు. పంపబోతుంటే నేనే ఆపాను.

"రాహుకాలమమ్మా, దాటనియ్యి."

"మీరు సైన్సు టీచరు కదండీ, అమ్మమ్మగారూ?"

"రిటైరయ్యానుగా!"

నవ్వింది. నా మాట కాదనలేక చెయ్యి తీసేసింది. అంతలో గాలివాన. కరెంటు పోయింది, ఫోనులో సిగ్నలూ పోయింది, ఇన్వర్టరు ఎప్పుడో పడుకుంది. అన్నీ తిరిగొచ్చేసరికి ఆస్ట్రేలియాలో అర్ధరాత్రి దాటి గడువు ముగిసింది.

పిల్ల ఏడవలేదు. "కరెంటు తప్పండీ" అని, రాలిన రసాలు ఏరడానికి నాతో తోటలోకి వచ్చింది. తిట్టినా బాగుండేది.

పిల్లి ఎదురొచ్చిందని పరీక్షకు ఆలస్యంగా వచ్చిన పిల్లల చేత గోడకుర్చీ వేయించినదాన్ని. ఇవాళ నా చేత ఎవరు వేయిస్తారు?

తప్పు నాదేనని ఆ యూనివర్సిటీకి నేనే ఇంగ్లీషులో రాసిస్తానన్నాను. రాహుకాలాన్ని వాళ్లకేమని చెప్పాలో...

రేపు లేవగానే ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు పోయించాలి. వర్జ్యం చూడకుండా.