జురేమా వాళ్లమ్మ గిన్నె

లీడ్స్,
ఫిబ్రవరి 3.

నిర్మలక్కా,

మొన్న ఫోన్‌లో "ఆ చర్చికి వెళ్లడం ఎందుకు మానేశావే?" అని అడిగావు. అది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

నాతో ఫ్లాట్‌లో ఉండే జురేమా బ్రెజిల్ ఆవిడ, నేను నర్సుగా చేసే వార్డులోనే క్లీనర్. ఆవిడ పూర్వీకులను ఆఫ్రికా నుంచి బ్రెజిల్‌కు బానిసలుగా తెచ్చారట. వాళ్లు వెంట తెచ్చుకున్న సముద్రపు తల్లి యెమంజాను ఆవిడ కొలుస్తుంది. ఆ తల్లికి గుర్తుగా గదిలో ఓ పింగాణీ గిన్నె, నీళ్లలో నాలుగు రాళ్లు, అంతే. మా పాస్టర్‌గారిదీ బ్రెజిలే. విశ్వాసముంటే ఇల్లు, కారు, వీసా అన్నీ వస్తాయనేవారు. నా వీసా పొడిగింపు ఆలస్యమైతే, ఆ గిన్నె సంగతి నా నోటే విని, "నీ ఇంట్లో దయ్యముంది, దీవెనకు అదే అడ్డం" అన్నారు. నమ్మానక్కా. జురేమా డ్యూటీకి వెళ్లినప్పుడు ఆ గిన్నె పగలగొట్టి వీధిలోని కౌన్సిల్ చెత్త బిన్‌లో పడేశాను. ఆవిడ ఇల్లంతా వెతికి అడిగితే, నాకు తెలీదన్నాను.

నెల తిరక్కుండా కిడ్నీ ఇన్ఫెక్షన్‌తో మంచాన పడ్డాను. పాస్టర్‌గారికి ఫోన్ చేస్తే, "నీ విశ్వాసంలోనే లోటుంది" అన్నారు. జురేమా మాత్రం డ్యూటీల రోటా మార్పించుకుని పదిరోజులు గంజి కాచి తాగించింది, చిక్కులు పడ్డ నా తల దువ్వింది. ఇక తట్టుకోలేక నిజం చెప్పేశాను.

ఆవిడ కుర్చీలో కూలబడింది. "అది మా అమ్మది," అంది. రెండు రోజులు నా గది వైపు రాలేదు. నేను పెట్టె సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికి? నీకింకా నీరసం తగ్గలేదు. నా సముద్రపు తల్లిని దయ్యమని మాత్రం ఇంకెప్పుడూ అనకు."

ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చానక్కా. ఆ చర్చికి మళ్లీ వెళ్లలేదు. మా వీధి చివర చిన్న చర్చిలో వెనక బెంచీ మీద కూర్చుంటున్నాను.

నిన్న యెమంజా పండగని ఇద్దరం రైల్లో స్కార్‌బరో వెళ్లాం. ఆవిడ తెల్లపూలు సముద్రంలో వదిలింది. నేను మొక్కలేదు, నా దేవుడు నా దేవుడే. ఒడ్డున చలికి వణుకుతూ కళ్లు మూసుకున్నాను.

"ఏం అడిగావు?" అంది, తడిసిన బూట్లతో వస్తూ.

"ఏమీ అడగలేదు. నిన్నిచ్చినందుకు థాంక్స్ చెప్పాను."

జురేమా నా కోటు బొత్తాలు మెడదాకా పెట్టి, చెయ్యి పట్టుకుని టీ కొట్టు వైపు నడిపించింది.

నీ చెల్లెలు,
రాజ్యం