నమిలే చప్పుడు

సంతోషీ,
వీరేందర్ ఎలుకను పట్టుకుని దవాఖానకు పోయిండని సారవ్వ నా గురించి వాడంతా చెప్తోందట, మీ అమ్మ అన్నది. చెప్పుకోనీ. అది ఎలుక కాదు, నువ్వు పెంచే గినీ పిగ్. దాని పెదవి లోపల పుండు ఉన్నది నిజమే. సాయంత్రం ఉప్పునీళ్లతో తుడిచి, డాక్టరమ్మ ఇచ్చిన మందు దూదితో రాయి. ఉసిరికాయ పెట్టకు, పులుపుకు మండుతుంది. కొత్తిమీర సన్నగా తరిగి పెట్టు. ఇంకో రెండు రోజులు తినకపోతే బతికేది కాదట. ఎట్ల కనిపెట్టిన్రని డాక్టరమ్మ అడిగింది. గడ్డి నమిలే చప్పుడు మారిందని మా బిడ్డ పసిగట్టిందన్నాను. బొగ్గుగని పైకప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి గట్టిదో కాదో ఇరవై ఏళ్లుగా చెప్తున్నవాణ్ని, నాకే వినపడలేదు. ఈ మాట ఇవాళ షిఫ్టులో అందరికీ చెప్తాను.
బాపు

ఇదంతా మీ అమ్మకూ చెప్పాను. "నీ బిడ్డ రోజూ నీ దగ్గు గూడ ఇంటున్నది. నువ్వెప్పుడు పోతవ్ దవాఖానకు?" అన్నది.