గట్టు మీద నీళ్ల ప్యాకెట్టు

2001 డిసెంబర్ 23, ఆదివారం

బ్రిటన్‌లో కొందరు చలికాలం సెలవుకు దూరాలు పోరట. దగ్గరి పల్లెకు రైల్లో వెళ్లి, చెత్త మిగల్చకుండా తిరిగొస్తారని చదివాను. నన్ను పుస్తకాల పురుగనే బావమరిది రాజన్నకు బుద్ధి చెప్పాలనే ఇవాళ ఇంటిల్లిపాదినీ బస్సులో దగ్గరి పల్లె రుద్రూర్‌కు తీసుకెళ్లాను. చెరుకు చేను గట్టు మీద తింటున్నంతసేపూ నాది అదే ఉపన్యాసం.

"నీ లెక్క కారేసుకొని గోవా ఉరకరు వాళ్లు" అన్నాను రాజన్నతో.

మోదుగ విస్తర్లు ఎరువు గుంతలో వేశాం. చేను గల లచ్చవ్వ గట్టు మీది ప్లాస్టిక్ నీళ్ల ప్యాకెట్టు ఎత్తి, "గిదెవలు పారేసిండ్రు? మా బర్రె తింటే సస్తది" అంది.

నేను తాగి పడేసిందే. రాజన్న చూశాడు కూడా.

"నేనే అక్కా, మరిచిపోయిన" అని తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

తిరుగు బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. అప్పుడైనా నేను నోరు విప్పి తప్పు ఒప్పుకోవాల్సింది...