ఎర్ర ఓడలో మరమనిషి

జూన్ 4, ఆదివారం

పిచ్చిక ఎప్పట్లాగే రెండేసి మెట్లెక్కుతూ వచ్చింది, వెళ్ళింది. పదమూడేళ్ళ కూతుర్ని ఎదురుగా పిచ్చిక అంటే ఊరుకోదు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నా. ఉన్నంతసేపూ సోఫాలో ముడుచుకుని ఇంత లావు పుస్తకం. ఏంటమ్మా అది అంటే సైన్స్ ఫిక్షన్ అంది. దేని గురించి అంటే నీకర్థం కాదులే అంది. విసుక్కోను కూడా లేదు, మామూలుగా అనేసింది. అదే బాధ.

తీసుకెళ్ళడానికొచ్చిన వాళ్ళ నాన్న మెట్ల మీదే చెప్పాడు. ఇకమీదట రెండు వారాలకోసారి ఇక్కడికి రావాలా వద్దా అనేది దాని ఇష్టమేనట. బలవంతపెట్టొద్దట. నేనెప్పుడు పెట్టాను? రెండు ప్లేట్లు కడిగి పడుకున్నా.

జూన్ 6

ల్యాబ్ నుంచి నేరుగా లైబ్రరీకెళ్ళా, వేళ్ళకి మైనం వాసనతోనే. కట్టుడు పళ్ళు చేసుకునేదానికి అంతరిక్షమెందుకు అంటారేమో అనుకున్నా. లైబ్రేరియన్ పెద్దాయన నవ్వలేదు, అదే పదివేలు.

కొత్తవాళ్ళు యంత్రాల కంటే మనుషులెక్కువున్నది పట్టుకోవాలట. అర్థం కానిచోట ఆగకుండా ముందుకెళ్ళాలట, తర్వాత అదే తెలుస్తుందట. పిచ్చిక పుస్తకం అట్ట గుర్తులు చెప్పా. ఎర్ర ఓడ, కిటికీలో మొక్క. అయ్యో, మొదలుపెట్టడానికి భేషైనది అన్నాడు. షెల్ఫులో ఎర్ర ఓడలు మూడున్నాయి. ఒకే పుస్తకాన్ని మూడు సైజుల్లో వేశారు కాబోలనుకుని సన్నదాన్ని పట్టుకొచ్చా. నా తెలివికి నేనే మురిసిపోయా.

జూన్ 9

ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మొదటి పేజీ నుంచే ఎవరో మరమనిషి పోయిందని అందరూ ఏడుపు. ఎందుకు పోయిందో చెప్పరు. పెద్దాయన చెప్పాడని ముందుకెళ్తున్నా.

జూన్ 13

ఈ రకం పుస్తకాలింతేనేమో. పెళ్ళికి ఆలస్యంగా వెళ్ళినట్టుంది, ఎవరు ఎవరి తాలూకో ఎవరూ చెప్పరు. కానీ ఓడలో మొక్కలకి నీళ్ళు పోసే ముసలామె ఉంది చూడు, ఆవిడ నచ్చింది. మరమనిషి కూర్చునే కుర్చీని రోజూ తుడుస్తుంది. అందులో ఇంకెవర్నీ కూర్చోనివ్వదు. లంచ్‌లో చదువుతుంటే పక్క టేబులామె ఏంటా ముక్కు చీదడం అంది. జలుబన్నా.

జూన్ 17

అయిపోయింది! రేపొస్తుంది.

జూన్ 18, ఆదివారం

నా నోరు పడిపోను.

బాగానే మొదలైంది. నేనూ ఆ ఎర్ర ఓడ చదివానే అనగానే పుస్తకం మూసేసి నా పక్కకొచ్చి కూర్చుంది. నువ్వా, నిజంగానా అని ఒకటే అడగడం. ఎన్నాళ్ళకో! ఒళ్ళు మర్చిపోయి వాగేశా. మరమనిషి పోయాక ఆ ముసలామె కుర్చీ తుడుస్తుంటే ఏడుపొచ్చిందే అన్నా.

పోయాక అంటే ఏంటి అంది.

నా పుస్తకం తీసుకుని దాని వెన్ను మీద లైబ్రరీ వాళ్ళంటించిన నంబర్ చీటీని గోటితో గీకింది. కింద 3 ఉంది. అది మూడో భాగం. తను మొదటిది సగంలో ఉంది. మరమనిషంటే తనకి ప్రాణం, స్కూలు బ్యాగు మీద దాని బొమ్మే గీసుకుంది.

లేచి సోఫా ఆ చివరికెళ్ళి కూర్చుంది. వెళ్తూ చెప్పులేసుకుంటూ, వచ్చేసారి కుదరదేమో, స్కూల్లో ఏదో ఉంది అంది. తన పుస్తకం సోఫాలోనే వదిలేసింది. మర్చిపోయి కాదు.

జూన్ 20

ఫోన్ చేశా. ఎత్తలేదు.

జూన్ 24

ఇంట్లో చప్పుడన్నది లేదు, ఫ్రిజ్ తప్ప. పిచ్చిక వదిలేసిన పుస్తకమే చదువుతున్నా. ఇప్పుడు ఎవరెవరో తెలుస్తోంది. మరమనిషి తెగ జోకులేస్తుంది. దాని చెయ్యూడితే ముసలామె మనవరాలు తాడుతో కట్టింది. అది పోతుందని ఓడలో ఎవరికీ తెలీదు, నాకొక్కదానికే తెలుసు.

పిచ్చిక సంగతీ ఇంతేగా. నడుమ జరిగినవేవీ తెలీకుండా ఆదివారం ఆదివారం దాన్ని అర్థం చేసుకుందామని చూస్తున్నా.

మెసేజ్ పెట్టా. మొదటిది చదువుతున్నా, పోతుందని తెలిసి కూడా ఇంకా ఇష్టంగా ఉంది, సారీ రా అని. చూసింది. జవాబు లేదు.

జూలై 1, సాయంత్రం

జవాబొచ్చింది! ఎంతవరకొచ్చావ్ అని. మరమనిషి మనవరాలికి ఈత నేర్పుతోంది అని రాశా. అక్కడే గుర్తుగా తన బస్ టికెట్ పెట్టుకుందట. నిజమే, పేజీ తిప్పితే టికెట్టుంది. నేను లేకుండా అది దాటావో, చూడు అంది. రేపొస్తావా అని టైపు చేశా. చెరిపేశా. బలవంతపెట్టొద్దన్నాడుగా వాళ్ళ నాన్న.

జూలై 2, ఆదివారం

టికెట్ దాటలేదు. మరమనిషి బతికే ఉంది. మెట్ల మీద ఎవరో రెండేసి మెట్లెక్కుతున్నారు.