కుట్టుమిషన్‌కు కొత్త గేరు

సలాలా

అక్కకు, బావకు శనార్థులు. నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను.

సెలవు మీద వస్తున్న భూమయ్య చేతికి ఒక పొట్లం ఇచ్చాను. అందులో నీ కుట్టుమిషన్ గేరు ఉంది. నువ్వు పంపిన విరిగిన ముక్కను కొలిచి, మా వర్క్‌షాపులో ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొర పోసే ప్రింటర్‌పై నేనే చేశాను. మొదటిది చేత్తో తిప్పగానే పళ్ళు రాలిపోయాయి. ఇక్కడ ఇప్పుడు ముసురు, ఈ వానకాలాన్నే వీళ్ళు ఖరీఫ్ అంటారు. ఎడారి దేశం కదా, ఈ జల్లు చూడ్డానికి జనం పిల్లాపాపలతో ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నాకు మాత్రం గోడల చెమ్మే కనిపిస్తుంది. మాతో పనిచేసే కడప సమీయుల్లా భాయ్ నవ్వాడు: "తీగ తేమ పట్టిండాది అబ్బయ్యా! అప్పడాల మాదిరి ఆరబెట్టల్ల గదా!" ఎండ లేదు కాబట్టి ఓవెన్‌లో ఆరబెట్టి మళ్ళీ చేశాను. ఇది గట్టిది. బిగించేటప్పుడు ఎవరినీ సుత్తితో కొట్టనివ్వకు.

బర్రె ఈనిందా? బావ మోకాలి నొప్పి ఎలా ఉంది? పిల్లలకు దీవెనలు.

ఇదివరకు కుడుతూ మాట్లాడేదానివి. మాటలు అయిపోయినా మిషన్ చప్పుడు వినిపించేది, నేను ఫోన్ పెట్టేసేవాణ్ణి కాదు. అది ఆగినప్పటి నుంచి రెండు మాటలకే "ఇగ పెడుతున్న తమ్మీ" అంటున్నావు. రూమ్‌లో అందరూ ఇంకా వాళ్ళవాళ్ళతో మాట్లాడుతూనే ఉంటారు. నేను గోడవైపు తిరిగి పడుకుంటాను.

గేరు బిగించగానే ఫోన్ చెయ్యి. ఏమీ చెప్పక్కర్లేదు. ఫోన్ మిషన్ పక్కన పెట్టి నీ జాకెట్లు నువ్వు కుట్టుకో.

నీ తమ్ముడు
గంగారాం