ఫ్లష్ ట్యాంకులో ఎర్ర రంగు

శనివారం రాత్రి, స్కోఫీల్డ్స్

వారం రోజులుగా అన్వి ఒంటరిగా టాయిలెట్‌కి వెళ్ళనంటోంది. ఎవరూ లేనప్పుడు ఫ్లష్ ట్యాంకు దానంతటదే బుస్సుమంటోందని భయం. అందుకని స్కూల్లో నీళ్ళు కూడా తాగడం లేదని నిన్న వాళ్ళ టీచర్ చెప్పినప్పటి నుంచి నాకు దిగులు పట్టుకుంది. ఐదేళ్ళ పిల్ల!

పొద్దున "లోపల ఎవరూ లేరమ్మా, ఉత్త నీళ్ళే" అన్నాను.

"దెన్ హూ ఈజ్ ఫ్లషింగ్, అమ్మా?"

నిజమే, ఎవరు? నాకూ తెలుసుకోవాలనిపించింది.

ట్యాంకు మూత తీసి, జిలేబీ కోసం కొన్న ఎర్ర రంగు కొంచెం కలిపాను. ఫ్లష్ నొక్కకుండా ఇద్దరం నేల మీద కూర్చుని చూశాం. కాసేపటికి కమోడ్‌లోకి సన్నగా ఎర్రటి చార దిగింది.

"ఇట్స్ లీకింగ్!" అన్వి నా భుజం పట్టుకుని ఊపేసింది.

ట్యాంకు అడుగున రబ్బరు వాషర్ అరిగిపోయింది. నీళ్ళు కారిపోయి మట్టం తగ్గగానే ట్యాంకు మళ్ళీ దానంతటదే నిండుతోంది. అన్వి భయపడ్డ బుస్సు చప్పుడు అదే. ట్యాంకులోకి నీళ్ళొచ్చే ట్యాప్ కట్టేసి వాషర్ ఊడదీశాను. అలాంటిదే హార్డ్‌వేర్ షాపులో కొనుక్కొచ్చి వేశాను.

ట్యాప్ తిప్పి, కమోడ్‌లో ఎరుపు పోయేదాకా ఫ్లష్ చేసి, ట్యాంకు నిండాక మళ్ళీ రంగు కలిపాం. ఈసారి కమోడ్‌లో నీళ్ళు తేటగానే ఉండిపోయాయి. అన్వి చాలాసేపు వంగి చూసింది.

"అమ్మా, కెన్ యూ గో అవుట్?"

"ఎందుకే?"

"ఐ నీడ్ టు గో."

నన్ను బయటికి నెట్టి తలుపు వేసుకుంది. లోపల లాక్ పడిన చప్పుడు వినిపించింది. ఆ లాక్ తీయడం దానికి వచ్చో రాదో అని నేను అక్కడే నిలబడిపోయాను.