చక్రాలున్న బండికి చోటు మార్పు కోరుతూ

వీధి వ్యాపారుల విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మహదేవపురలో మా అమ్మ మార్త టిఫిన్ బండికి ఇచ్చిన సర్టిఫికెట్‌లో స్థలం పేరు మార్చుట గురించి, ఆరవ అర్జీ.

హూడిలో నివసించు గీతాంజలి, ఎం.ఏ. ఎకనామిక్స్, వ్రాసుకొను అర్జీ. కన్నడలో రెండు, ఇంగ్లీషులో మూడు ఇదివరకే ఇచ్చియున్నాను. తమ అటెండరు సొన్నప్ప "సారు మదనపల్లె పక్కాయనే ఉండాడు, తెలుగులో రాయమ్మా. పని కాకపోయినా చదువుతాడు" అన్నందున ఇది తెలుగులో.

1. మా అమ్మ పదకొండేళ్లుగా ఒక ఐటీ కంపెనీ రెండో గేటు ఎదుట సంగటి, పప్పు, చపాతీ అమ్ముచున్నది. ఆ కంపెనీ గత జూన్‌లో విమానాశ్రయం వైపు, ముప్పై కిలోమీటర్ల అవతలకు తరలిపోయినది. దాని వెనకే పక్కనున్న రెండు కంపెనీలూ కదిలినవి. కంపెనీలు ఒకదాని పక్కన ఒకటి చేరితే అందరికీ లాభమని పరీక్షలో రాసి ఫస్టు క్లాసు తెచ్చుకున్నాను. అవి లేచిపోతే గేటు దగ్గర ఎవరు మిగులుతారని ఆ పేపర్లో అడగలేదు.

2. కంపెనీ ఎక్కడికి మారాలో తేల్చిన నివేదిక తయారుచేసినది నేనే. అప్పుడు అక్కడ కాంట్రాక్టు ఉద్యోగిని. అద్దె, ట్రాఫిక్, మనుషులు ఏ ఏరియాల నుంచి వస్తారు, అన్నీ గళ్లు గీసి నింపాను. కొత్త చోట తినడానికేమీ దొరకదని కూడా రాశాను. సంతోషంగానే రాశాను. మా బండి వెనకే వెళ్లిపోతుందనుకున్నాను. బండికి చక్రాలున్నాయి, భవనానికి లేవు కదా. నా కాంట్రాక్టు ఆ మార్పుతోనే ముగిసినది.

3. కొత్త చోట బండి పెట్టిన రెండో రోజే ఎత్తించారు. సర్టిఫికెట్ పాత గేటు ఎదుట మాత్రమే చెల్లునట. కంపెనీకి స్థలం, కరెంటు, రోడ్డు ఇచ్చారు. మేము అడిగినది కాగితంలో ఒక్క లైను. ఇక్కడివారు "అది వేరే పరిధి" అన్నారు. అక్కడివారు "ముందు పాత పరిధిలో మార్పించుకుని రా" అన్నారు.

4. తనిఖీకి వచ్చిన రోజు బండి మీద వంట లేకపోతే సర్టిఫికెట్ రద్దు. తనిఖీ ఏ రోజో చెప్పరు. అందుచేత అమ్మ రోజూ ఖాళీ భవనం ఎదుట పొయ్యి వెలిగించి వండుచున్నది. తినేది వాచ్‌మన్ రాజగోపాల్ ఒక్కడే. "నేను ఖాళీ బిల్డింగుకు కాపలా, నువ్వు ఖాళీ రోడ్డుకు. జీతం మాత్రం నాకేనక్కా" అంటాడు. "నీకు జీతమిస్తుండేది మర్చిపోయుంటారు, గుర్తొచ్చే లోపల తినప్పా" అంటుంది అమ్మ.

5. ఇప్పుడు అక్కడ జనసంచారం లేనందున ఆ స్థలాన్నే జాబితాలోంచి తీసివేయుచున్నామని, ముప్పయ్యో తేదీకి బండి తొలగించవలెనని నోటీసు వచ్చినది. జనసంచారం లేదనుటకు ఆధారంగా మా అయిదు అర్జీల నంబర్లే చూపారు; గేటు దగ్గర ఎవరూ లేరని వాటిలో నేనే రాసియున్నానట. నేను రాసిన కాగితం మా అమ్మను లేపడం ఇది రెండోసారి.

కావున స్థలం పేరు మార్పించగలరు. అది కుదరనిచో, ఈ ఆరవదానినైనా దేనికీ ఆధారంగా వాడకుండా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
గీతాంజలి

జతపరచినవి: సర్టిఫికెట్ నకలు, నోటీసు నకలు, టిఫిన్ క్యారియర్ ఒకటి.

తా.క.: క్యారియర్ లంచం కాదు సార్. తనిఖీ కోసం వండినది, తినేవాళ్లు లేరు. "మన పక్క మనిషంట, సంగటి తిని ఎన్నాళ్లయిందో" అని అమ్మ కట్టింది. గిన్నెలు సొన్నప్ప చేతికివ్వండి. ముప్పయ్యో తేదీ దాకా రోజూ వండాలి.